200 డాలర్ల హై-పాయింట్: వెక్కిరింపు తుపాకీకా, కొనేవాడి జేబుకా?

నమస్కారం. హై-పాయింట్ కంపెనీ చవక పిస్తోలు సీ9 కొనడమంటే డబ్బు తగలేయడమేనని అమెరికాలోని తుపాకీ ప్రియులు ఏళ్ళ తరబడి చెబుతున్న మాటను నేను ఒప్పుకోను. వారు వెక్కిరిస్తున్నది కొనేవాడి జేబును. పిస్తోలు పనితనం వారికి ఒక సాకు మాత్రమే. ఈ మాటను ఇవాళ కుండ బద్దలుకొట్టి చెప్పదలచుకున్నాను.

ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్‌లో తయారయ్యే ఈ 9 ఎం.ఎం. పిస్తోలు ధర సుమారు 200 డాలర్లు. గ్లాక్ వంటి పిస్తోళ్ళలో తూటా పేలే క్షణాన బ్యారెల్ (తూటా వెళ్ళే గొట్టం), స్లైడ్ (పేలినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) ఒకదానితో ఒకటి బిగుసుకుని ఉండి, పీడనం తగ్గాకనే విడిపోతాయి. ఆ అమరికకు ఉక్కును ఎంతో సూక్ష్మంగా చెక్కాలి కనుక ఖర్చు పెరుగుతుంది. సీ9లో ఆ బిగింపే లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బలమే పేలుడు తాకిడిని కాచుకోవాలి కనుక స్లైడ్‌ను జింక్ మిశ్రమలోహంతో అంత లావుగా పోతపోస్తారు. ఇటుకలా ఉందని నవ్వేవారు, ఆ లావు లేనిదే ఆ ధర రాదని ఎందుకు చెప్పరు? పైగా బ్యారెల్ ఫ్రేముకే, అంటే పిస్తోలు చట్రానికే, కదలకుండా బిగించి ఉండటం గురికి మేలే చేస్తుంది.

లోపాలు లేవని నేను అనను. దాదాపు 820 గ్రాములు మోస్తే మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, దక్కేవి 8 తూటాలే. అంతకంటె తేలికైన గ్లాక్ 19లో 15 పడతాయి. శుభ్రం చేయడానికి విప్పాలంటే పిన్నును కొట్టి తీయాలి. నడుముకు పెట్టుకుని తిరగదలచినవారు దీని జోలికి పోకుండా, మరో వంద డాలర్లు కూడబెట్టి టారస్ జీ3సీ వంటిది చూసుకోవడం మంచిది. కానీ ఇంట్లో తాళం వేసి ఉంచుకునే తుపాకీకి బరువు ఏమంత దోషం?

అమెరికాలో చవక పిస్తోళ్ళకు 'సాటర్డే నైట్ స్పెషల్' అనే తిట్టుపేరు 1960ల నాటికే ఉంది. శనివారం రాత్రి గొడవల్లో పేలే సరుకన్న ఆ పేరులోనే, చవకది కొనేవాడు నేరగాడే అయి ఉంటాడన్న అనుమానం ఇమిడి ఉంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరే గుమస్తా 600 డాలర్ల పిస్తోలు కొనలేకపోతే, తన ఇంటిని కాపాడుకునే అర్హత కోల్పోయినట్టేనా? 2019లో హై-పాయింట్ తన కొత్త పిస్తోలుకు పేరు సూచించమని కోరినప్పుడు జనం 'యీట్ కానన్' అనే వెక్కిరింపు పేరుకు, అంటే విసిరేసే ఫిరంగికి, ఎగబడి మద్దతిచ్చారు. మొదట పక్కన పెట్టిన కంపెనీయే చివరకు ఆ పేరును స్వీకరించింది. ఆ గుండెధైర్యం నాకు ఎంతో నచ్చింది.

అన్నట్టు, విద్యార్థి వీసా మీదో హెచ్-1బీ మీదో ఉన్న మనవాళ్ళకు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పితే, ఏ ధరకైనా తుపాకీ కొనడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. దుకాణంలో అడుగుపెట్టే ముందే ఇది తెలుసుకోండి.

అర్హత ఉండి కొన్నవారు కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్ళి, ఇంట్లో ఉంచదలచిన తూటాలనే కాల్చి చూడండి. తూటా సరిగ్గా ఎక్కకపోతే ముందుగా మ్యాగజైన్‌ను అనుమానించి మరొకదానితో ప్రయత్నించండి. అప్పటికీ మొరాయిస్తే కంపెనీకి పంపండి. జీవితకాల హామీ తుపాకీకే కనుక, మీరు మూడో చేతి నుంచి కొన్నా బాగుచేసి ఇస్తారు.