పైథాన్ బైండింగ్స్ టెస్టింగ్‌కి పైటెస్ట్ ఒక్కటే చాలా? | రివ్యూ

హలో అండీ. సి ప్లస్ ప్లస్‌లో రాసిన లైబ్రరీకి పైబైండ్11 అనే టూల్‌తో పైథాన్ బైండింగ్స్, అంటే ఆ లైబ్రరీని పైథాన్ నుంచి వాడుకోనిచ్చే కోడ్, రాసేవాళ్లకి పైథాన్ టెస్టింగ్ టూల్ పైటెస్ట్ ఒక్కటే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా, ఇదే ఈ రోజు రివ్యూ. ముందే చెప్పేస్తున్నా, పైటెస్ట్ బాగుంది, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బతింటారు.

అసలు ఏం టెస్ట్ చేయాలి? చాలామంది సి ప్లస్ ప్లస్ కోడ్‌ని టెస్ట్ చేసే గూగుల్‌టెస్ట్‌లో ఎప్పుడో రాసేసిన టెస్టులన్నీ మళ్లీ పైథాన్‌లో తిరగరాస్తూ కూర్చుంటారు. వద్దండీ. లెక్క సరిగ్గా వస్తోందా లేదా అన్నది అక్కడే తేలిపోయింది, మనం చూడాల్సింది డేటా పైథాన్ నుంచి సి ప్లస్ ప్లస్‌కి, అక్కడి నుంచి మళ్లీ పైథాన్‌కి వెళ్లేటప్పుడు ఏమవుతోందన్నది. సి ప్లస్ ప్లస్‌లోని అవుట్ ఆఫ్ రేంజ్ ఎక్సెప్షన్ పైథాన్‌లో ఇండెక్స్ఎర్రర్‌గా వస్తోందా, అన్‌సైన్డ్ (మైనస్ విలువలు తీసుకోని) ఆర్గ్యుమెంట్‌కి మైనస్ ఒకటి ఇస్తే టైప్ఎర్రర్ వస్తోందా, ఇలాంటివి. వీటికి రెండేసి లైన్లు చాలు, ఇందులో పైటెస్ట్‌కి వంక పెట్టలేం.

అసలు గొడవంతా నమ్‌పై (పైథాన్‌లో అంకెల లెక్కల లైబ్రరీ) అరేల దగ్గర. డబుల్ (అంటే ఫ్లోట్64) అరే అడిగే ఫంక్షన్‌కి మీరు ఫ్లోట్32 అరే ఇచ్చారనుకోండి, పైబైండ్11 మామూలుగా కిక్కురుమనకుండా టైపు మార్చి ఒక కాపీ చేసి, ఆ కాపీని లోపలికి పంపుతుంది. ఆ ఫంక్షన్ ఇచ్చిన అరేలోనే విలువలు మార్చే రకమైతే? మార్పులన్నీ కాపీలో జరిగి అక్కడే పోతాయి, మీ అరే ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు! అందుకే పైటెస్ట్‌లోని పారామెట్రైజ్ పెట్టి ఫ్లోట్32, ఫ్లోట్64, ఒకటి విడిచి ఒకటి తీసిన స్లైస్, అన్నీ ఒకే టెస్టుకి పంపండి. ఇలాంటి ఫంక్షన్లకి ఆర్గ్యుమెంట్ దగ్గర పైబైండ్11లోని నోకన్వర్ట్ (టైపు మార్చొద్దని చెప్పేది) పెట్టేస్తే తిన్నగా టైప్ఎర్రర్ వస్తుంది, పీడ వదులుతుంది.

పైటెస్ట్ చేతులెత్తేసేది మెమరీ దగ్గర. ఒక ఆబ్జెక్ట్ లోపలి భాగాన్ని రిఫరెన్స్‌గా బయటికిచ్చే ఫంక్షన్ ఉందనుకోండి, అసలు ఆబ్జెక్ట్‌ని డెల్ చేసి, జీసీ కలెక్ట్ (వాడని మెమరీని పైథాన్ చేత వదిలించేది) పిలిచి, ఆ భాగాన్ని చదివే టెస్ట్ రాస్తాం. బగ్ ఉన్నా అది పాసైపోవచ్చు, ఎందుకంటే వదిలేసిన మెమరీలో పాత విలువ ఇంకా చెరిగిపోయి ఉండకపోవచ్చు. మెమరీ తప్పుల్ని పట్టుకునే అడ్రస్‌శానిటైజర్‌తో చేసిన బిల్డ్ మీద నడిపితే దొరుకుతుంది. లినక్స్‌లో దాని లైబ్రరీని ఎల్‌డీ ప్రీలోడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ముందే ఎక్కించాలి, లీక్ చెకింగ్ ఆపేయాలి, లేకపోతే పైథాన్ వైపు నుంచి వచ్చే లీక్ రిపోర్టులతో స్క్రీన్ నిండిపోతుంది. సెటప్ చిరాకే, కాదనను. సెగ్‌ఫాల్ట్, అంటే తప్పు మెమరీని ముట్టుకుని క్రాషవడం, వస్తే పైటెస్ట్ మొత్తం కూలిపోతుంది కాబట్టి ఎక్స్‌డిస్ట్ ప్లగిన్ కూడా పెట్టుకోండి, క్రాషైన వర్కర్ (టెస్టులు నడిపే విడి ప్రాసెస్) స్థానంలో కొత్తదాన్ని లేపి మిగతా టెస్టులు నడిపిస్తుంది.

ఇక సిఐబిల్డ్‌వీల్, అంటే రకరకాల సిస్టమ్‌లకి వీల్ (పైథాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ ఫైల్) తయారుచేసే టూల్. ఇది నాకు బాగా నచ్చింది. టెస్ట్ కమాండ్ ఇస్తే చాలు, వీల్‌ని వేరే ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసి, సోర్స్ ఫోల్డర్ బయటి నుంచి టెస్టులు నడుపుతుంది, వీల్‌లో ఏ ఫైలైనా మిస్సయితే అక్కడే బయటపడుతుంది. అదే మీరు రిపోలో కూర్చుని పైటెస్ట్ కొడితే పక్కనున్న ఫోల్డరే ఇంపోర్టయిపోయి ఆ సంగతి తెలియకుండా పోవచ్చు. కాకపోతే లినక్స్, మ్యాక్, విండోస్, మళ్లీ ఒక్కోదాంట్లో నాలుగైదు పైథాన్ వెర్షన్లు, నడిచీ నడిచీ విసుగొస్తుంది. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ అన్నీ నడపకండి. లినక్స్ మీద మీరు సపోర్ట్ చేసే వెర్షన్లలో బాగా పాతదొకటి, కొత్తదొకటి చాలు. శానిటైజర్ రాత్రిపూట నడవనివ్వండి, మిగతావన్నీ రిలీజ్ ముందు.