బ్యాంకు వెబ్‌సైటు చిరునామాను చదవడం ఎలా?

సభకు నమస్కారం.

నకిలీ బ్యాంకు వెబ్‌సైట్ల బారిన పడకూడదంటే మనం ముందుగా వదులుకోవలసిన నమ్మకం ఒకటుంది: పేజీని చూడగానే అసలో నకిలీయో పోల్చుకోగలమన్నది. పోల్చుకోలేం. బ్యాంకు ముద్ర, రంగులు, లాగిన్ పెట్టెలు, 'మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు' అన్న హెచ్చరికతో సహా అసలు పేజీని ఉన్నదున్నట్టు దించేయడం మోసగాళ్లకు పెద్ద పనేమీ కాదు. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు కూడా భరోసా ఇవ్వదు. మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం; అవతల ఉన్నది బ్యాంకో దొంగో అది చెప్పదు.

కాబట్టి నమ్మదగినది చిరునామా. ఈ విషయంలో మన దేశంలో ఇటీవల ఒక మంచి మార్పు వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ వెబ్‌సైట్లను 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక చిరునామాలోకి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాటిని నమోదు చేసే బాధ్యత బ్యాంకుల సాంకేతిక వ్యవహారాల కోసం రిజర్వు బ్యాంకు నెలకొల్పిన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థకే అప్పగించారు గనుక, బ్యాంకు కానివారికి ఆ చిరునామా దొరకదు.

అయితే దాన్ని చదవడం తెలియాలి. ఫోనులో చిరునామా సగమే కనిపిస్తుంది; దానిపై వేలు పెట్టి మొత్తం తెరిచి, సైటు పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు సరిగ్గా ముందు ఏముందో చూడాలి. అక్కడ 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిస్తే అది స్టేట్ బ్యాంకుదే. అదే పేరు ముందుండి, దాని వెనుక మరో చుక్క, 'కేవైసీ అప్‌డేట్ డాట్ కామ్' వంటి తోక ఉంటే, ఆ సైటు యజమాని ఆ తోక సొంతదారే. 'బ్యాంక్'కు ముందు చుక్కకు బదులు అడ్డగీత ఉన్నా అది వేరే సైటే. కంటికి ఇంత చిన్న తేడా ఆనకపోవచ్చు. అందుకే సందేశంలోని లింకును గానీ, గూగుల్ వెతుకులాటలో పైన కనిపించే ప్రకటనను గానీ నొక్కకుండా, పాస్‌బుక్కు చూసి చిరునామాను ఒకసారి సరిచూసుకొని బ్రౌజర్‌లో దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఓటీపీ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. మీరు నకిలీ పేజీలో నింపిన వివరాలను మోసగాడు అదే క్షణంలో అసలు సైటులో నింపుతాడు. అప్పుడు మీకు వచ్చే ఓటీపీ నిజంగా బ్యాంకు పంపినదే! అందువల్లే చదువుకున్నవారు కూడా మోసపోతున్నారు. ఆ సందేశంలో అంకెలతో పాటు ఎంత సొమ్ముకు, ఏ పనికి అన్నది రాసి ఉంటే, ముందు దాన్ని చదవండి.

ఒకవేళ వివరాలు ఇచ్చేస్తే, పిల్లలు కోప్పడతారనో నలుగురికీ తెలుస్తుందనో దాచి కాలం పోగొట్టవద్దు. వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. వివరాలు తానే ఇచ్చిన ఖాతాదారు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టాన్ని తానే భరించాలని, ఫిర్యాదు అందాక జరిగే నష్టం బ్యాంకుదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. కనుక ఫిర్యాదు సంఖ్యతో పాటు మీరు ఫోన్ చేసిన సమయాన్ని కూడా కాగితం మీద రాసి ఉంచుకోండి.