పాఠం చెప్పే ప్రోగ్రామర్

ఒకవైపు సాఫ్ట్‌వేర్, మరోవైపు బోధన. రెండూ చేయవచ్చా అని అడిగితే అందరూ గంటల లెక్క తీస్తారు. నన్నడిగితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: తరగతిలో మీకు తెలిసివచ్చినది మీరు రాసే కోడ్‌లోకి చేరుతోందా? చేరకపోతే అది రెండు పడవల ప్రయాణమే.

ఆండ్రూ టానెన్‌బామ్ సంగతే చూడండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్, అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్ గురించి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 1979లో వచ్చిన ఏడో వెర్షన్ లైసెన్సు, దాని సోర్స్ కోడ్‌ను తరగతిలో బోధించకూడదని షరతు పెట్టింది. లోపల ఏముందో చూపించకుండా ఆ పాఠం ఎలా చెబుతారు? ఇంకొకరైతే సిద్ధాంతం వరకు చెప్పి ఊరుకునేవారు. ఆయన మాత్రం విద్యార్థుల కోసం సొంతంగా ఒక సిస్టమ్ రాశారు. అదే 1987లో వచ్చిన మినిక్స్. సుమారు 12 వేల పంక్తుల కోడ్‌ను ఏకంగా పాఠ్యపుస్తకంలోనే అచ్చు వేయించారు!

అసలు కథ ఆ తరువాతే. అది చేర్చండి, ఇది చేర్చండి అని వాడుకరులు వెంటపడ్డారు. ఆయన చాలావాటికి ఒప్పుకోలేదు. విద్యార్థి ఒక సెమిస్టర్‌లో చదివి అర్థం చేసుకోగలిగినంత చిన్నదిగానే అది ఉండాలన్నది ఆయన పట్టుదల. హెల్సింకీలో మినిక్స్ వాడుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు 1991లో సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం) ప్రకటించాడు. అదే లినక్స్. మరుసటి ఏడాది దాని నిర్మాణం పాతకాలపుదని ప్రొఫెసర్‌గారు బాహాటంగా విమర్శించారు, కుర్రవాడూ గట్టిగానే బదులిచ్చాడు.

డెవలపర్ చేర్చాలంటాడు, మాస్టారు తీసేయమంటాడు. ఈ తగవు ఒకే మనిషి లోపల జరగడమే ఈ జోడు వృత్తిలోని అసలు లాభమని నా అభిప్రాయం. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో గణితం చెప్పే కెమెనీ, కర్ట్‌జ్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను తెచ్చిందీ, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడగలగాలనే.

ఇక ఆచరణకు వస్తే, రెండూ పూర్తికాలం చేయాలని చూడకండి. సాఫ్ట్‌వేర్ విడుదల వారం వెనక్కి జరగవచ్చు. సోమవారం పొద్దుటి తరగతి అలా వెనక్కి జరగదు. ఒక్క కోర్సు చాలు, అదీ మీ రోజువారీ పనికి దగ్గరగా ఉన్నది. తరగతిలో స్క్రీన్ వైపు కాదు, పిల్లల ముఖాల వైపు చూడండి. ఏ ఎర్రర్ సందేశం దగ్గర అందరూ ఆగిపోతున్నారో గమనిస్తే, మీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి సందేశాలు ఎలా ఉన్నాయో మీకే అనుమానం వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి, దీన్ని చాలామంది ఆలస్యంగా పట్టించుకుంటారు. తరగతి కోసం మీరు రాసిన కోడ్ ఎవరిది? కంపెనీదా, కళాశాలదా, మీదా? రెండు నియామక పత్రాలూ బయటి పని గురించి, హక్కుల గురించి ఏమంటున్నాయో చదవండి. స్పష్టత లేకపోతే సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.