పాఠం లేని పన్నెండు రోజులు

శ్రోతలకు నమస్కారం.

నేను చెన్నైలో, వెస్ట్ మాంబళంలో, మా ఇంటి ముందుగదిలో 22 ఏళ్ళుగా వీణ నేర్పుతున్నాను. వీణకు 24 మెట్లు ఉంటాయి. అవి మైనంతో చేసిన నల్లటి ముద్ద మీద కూర్చుని ఉంటాయి. వాడకం వల్లా ఎండ వల్లా ఆ మైనం కొంతకాలానికి కదిలి, స్వరాలు పక్కకు జరుగుతాయి. అప్పుడు పాత మైనాన్ని తీసివేసి, కొత్తది పరిచి, ఒక్కొక్క మెట్టునూ చెవితో విని దాని స్వరస్థానంలో నిలబెట్టాలి. దీనిని మేళం కట్టడం అంటారు. ఆ పనికి ఇచ్చిన ప్రతిసారీ నా వీణ కొన్నాళ్ళు ఇంట్లో ఉండదు. ఈమధ్య దాకా ఆ రోజులను నేను ఒక్కసారి కూడా సెలవుగా వాడుకోలేదు. ఎవరో ఒక శిష్యురాలి వీణ అరువు తెచ్చుకుని పాఠాలు సాగించేదానిని. వాద్యానికి మరమ్మతు అవసరమని ఒప్పుకున్న మనసు, వాయించే మనిషి విషయంలో మాత్రం మొండికేసింది.

సంగీతమైనా, లెక్కలైనా, నాట్యమైనా, ఇంట్లోనే పాఠాలు చెప్పుకుని జీవించే మావంటి వారి సెలవు గురించి ఈ రోజు మాట్లాడదలచాను.

ఉద్యోగికి సెలవు హక్కుగా వచ్చింది, అదీ అంత తేలికగా రాలేదు. 1936లో ఫ్రాన్స్ తన కార్మికులకు ఏడాదికి రెండు వారాల పాటు జీతంతో కూడిన సెలవు ఇస్తూ చట్టం చేసింది. అదే ఏడు అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా జీతంతో కూడిన సెలవులపై ఒక ఒడంబడికను ఆమోదించింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున మరుసటి ఏడాది జీతం పోకుండా సెలవు ఇవ్వాలని నిర్దేశించింది. 240ని 20తో భాగిస్తే 12 వస్తుంది. ఆ అంకెతో నాకు తరువాత పని ఉంది. ఇంట్లో పాఠం చెప్పే టీచరుకు యజమానీ ఉద్యోగీ ఒకరే కాబట్టి సెలవు చీటీ రాసేదీ తానే, దానిని తిరగ్గొట్టేదీ తానే.

తిరగ్గొట్టడానికి కారణాలు కూడా బోలెడు దొరుకుతాయి. విజయదశమికి కొత్త పిల్లలు చేరతారు. అక్షరాభ్యాసం వంటి ఆ రోజున టీచరు ఊళ్ళో లేకపోవడం ఊహకే అందదు. డిసెంబరు వచ్చిందంటే మార్గళి సంగీతోత్సవాలు. 1927లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభతో పాటు నడిచిన సంగీత సదస్సు నుంచి మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. అప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన ఈ కచేరీల కాలంలో, పిల్లలకు చిన్న చిన్న సభలలో అవకాశం వస్తే ఒత్తిడంతా నేర్పినవారి మీదనే పడుతుంది. అది ముగిసీ ముగియకముందే పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజ ఆరాధన. ఆ రోజు అందరూ కలిసి పాడే త్యాగరాజ పంచరత్న కృతులు తప్పుల్లేకుండా రావాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెద్ద తరగతుల పిల్లలు పరీక్షలని మానేస్తారు. ఆ రెండు నెలల ఫీజు సంగతి అడగడానికి మాకు నోరు రాదు, ఇవ్వాలని వారికీ తోచదు. ఏప్రిల్ చివర బడులు మూసేస్తే, పిల్లలు ఖాళీగా ఉన్నారు కదా, వారానికి నాలుగు పాఠాలు చెప్పండి టీచర్ అని తల్లులు వస్తారు. లోకానికి సెలవు దొరికినప్పుడే మాకు గిరాకీ. జూన్‌లో అమెరికా పిల్లలు తాతగారి ఇళ్ళకు దిగుతారు. ఏడాదంతా తెర మీద చూసిన టీచరు దగ్గర ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలని వారికి ఉంటుంది, అందులో తప్పూ లేదు. వారు తిరిగి వెళ్ళాక వారి సాయంత్రం ఎనిమిది గంటలు మనకు తెల్లవారుజామున ఐదున్నర. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పగానే అది ఆరున్నరకు జరిగి, అప్పటికే అక్కడ కూర్చున్న మాంబళం పిల్ల పాఠాన్ని తోసేస్తుంది.

ఇలా ఏడాదినంతా కాగితం మీద పరిచి చూస్తే, ఖాళీ నెల అంటూ ఒక్కటీ కనిపించదు. వీలు చూసుకుని సెలవు తీసుకుందాం అనుకునేవారికి ఆ వీలు ఎన్నటికీ రాదని తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

అయినా ఒకసారి ప్రయత్నించాను. నాలుగు రోజులు కూనూరు వెళ్ళాము. మేట్టుపాళయం నుంచి ఉదకమండలానికి 46 కిలోమీటర్లు కొండ ఎక్కే ఆ చిన్న రైలు, పళ్ళ పట్టాను కరుచుకుని పైకి వచ్చే ఆ ఇంజను, చూడాలని నా చిన్ననాటి కోరిక. దాని కూత మాత్రం విన్నాను. ఎందుకంటే బసలో మెట్ల మలుపు దగ్గర మాత్రమే ఫోనుకు సిగ్నల్ అందేది. నేను ఆ మెట్ల మీద కూర్చుని, పిల్లలు పంపిన మోహన వర్ణం రికార్డింగులు వింటూ, గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఎక్కడ జారిందో చెబుతూ గడిపాను. బయలుదేరే ముందు వారంలో ఆ నాలుగు రోజుల పాఠాలలో సగం, తిరిగి వచ్చిన వారంలో మిగతా సగం చెప్పి తీర్చాను. మా వృత్తిలో దీనిని కాంపెన్సేషన్ క్లాసు అంటాము. మాట గౌరవంగా ఉంది కానీ, అసలు సంగతి ఏమిటంటే నేను తీసుకున్నది సెలవే కాదు, అప్పు. ముందు కొంత, వెనక కొంత, వడ్డీతో సహా కట్టాను. ఆ నెలాఖరుకు గొంతు బొంగురుపోయి వైద్యుడి దగ్గరకు వెళితే, పది రోజులు మాట్లాడవద్దని చెప్పారు. ఆ పది రోజులకు ఎవరూ కాంపెన్సేషన్ అడగలేదు. జబ్బు చేస్తే ఇచ్చే సెలవును, జబ్బు చేయకముందు ఇవ్వడానికి లోకానికి కాదు, నాకే చేతులు రాలేదు.

అప్పుడు మా నాన్నగారు చెప్పిన అనధ్యయనం గుర్తుకు వచ్చింది. వేద పాఠశాలల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమలలో పాఠం ఉండదు. అమావాస్య నాటి పాఠం గురువును, చతుర్దశి నాటి పాఠం శిష్యుణ్ణి చంపుతుందని మనుస్మృతి ఎంత భయపెట్టిందో చూడండి. ఊరికే వద్దంటే మానని జాతి మా టీచర్లదని పెద్దలకు తెలిసే ఉంటుంది. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ చిక్కిపోయిన తీరు వానరులకు చెబుతూ, పాడ్యమి నాడు కూడా చదివేవాడి విద్యలాగా క్షీణించిందని అంటాడు. పాఠం మానినందుకు కాక, మానవలసిన రోజున మానకపోయినందుకు విద్య క్షీణించడమన్న ఆ పోలికలో నాకు నా పదిహేనేళ్ళూ కనిపించాయి. పైగా పాడ్యమి ఎవరి వీలూ చూడదు. వచ్చిన రోజున వస్తుంది, ఆ రోజు గ్రంథం మూతపడుతుంది. సరస్వతీ పూజ నాడు వీణను అమ్మవారి ముందు పెట్టి ముట్టుకోకుండా ఉండడం మనం ఇప్పటికీ పాటిస్తున్నదే. ఆ ఒక్క రోజుకు ఏ తల్లీ బదులు పాఠం అడిగిన గుర్తు నాకు లేదు.

కాబట్టి ఫిబ్రవరి రెండవ వారంలో మొదలుపెట్టి 12 రోజులు అనధ్యయనమని నిర్ణయించుకున్నాను. ఫ్యాక్టరీ కార్మికుడికి చట్టం లెక్కగట్టిన రోజులు నాకు మాత్రం ఎందుకు ఎక్కువ కావాలి?

ఫీజు సంగతి చెప్పకుండా ఈ మాటలన్నీ గాలి మాటలు. ఇదివరకు నేను నెలకు ఎనిమిది పాఠాల లెక్కన తీసుకునేదానిని కాబట్టి, పాఠం తగ్గితే డబ్బు తగ్గాలి లేదా పాఠం తీర్చాలి అన్న వాదన న్యాయంగానే ఉండేది. లెక్కను నెల నుంచి ఏడాదికి మార్చాను. ఏడాదికి 52 వారాలు. అందులో 46 వారాలే పాఠం, వారానికి రెండు చొప్పున 92. పాఠానికి 300 రూపాయలనుకుంటే 27,600. దానిని 12 భాగాలు చేస్తే నెలకు 2,300. పాఠాలు ఎక్కువ ఉన్న నెలలోనూ ఇంతే, అసలు లేని నెలలోనూ ఇంతే. మిగిలిన ఆరు వారాలలో రెండు నా సెలవు. నాలుగు పండుగలకు, జ్వరాలకు, కచేరీలకు, పెళ్ళిళ్ళకు. విజయదశమి నాడు పిల్లలను చేర్చుకునేటప్పుడే ఈ వివరమంతా ఒక కాగితం మీద రాసి చేతికి ఇచ్చాను, అంటే సెలవుకు నాలుగు నెలల ముందే. ఆ 12 రోజులూ పిల్లలు కావాలంటే వేరే ఊరు వెళ్ళవచ్చు, కావాలంటే పరీక్షకు చదువుకోవచ్చు. ఇద్దరు మానేశారు. వారిలో ఒకరు వేసవిలో తిరిగి వచ్చారు. మిగతావారిలో ఒక తండ్రిగారు, ఆయన సొంతంగా ఆడిటింగ్ చేసుకునేవారు, ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తాను కూడా తన ఖాతాదారులకు ఇలాంటిది ఇస్తే ఎలా ఉంటుందని అడిగారు.

సెలవుకు నేను దూరం వెళ్ళలేదు. చెన్నై సెంట్రల్‌లో లోకల్ రైలు ఎక్కి సూళ్ళూరుపేటలో మా చెల్లెలి ఇంట్లో దిగాను. పాత ఫోను ఒకటి తీసుకువెళ్ళాను, అందులో వాట్సాప్ లేదు. మొదటి మూడు రోజులు తెల్లవారుజామున ఐదు గంటలకే మెలకువ వచ్చి, ఏ పిల్ల ఎదురుచూస్తోందో అని గుండె దడదడలాడేది. నాలుగో రోజున మా మరిది, వదిన గారూ, ఇలా గోడ చూస్తూ కూర్చుంటే ఎలాగని నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకువెళ్ళాడు. అక్కడ నీళ్ళలో నిలబడిన కడప చెట్ల నిండా గూడబాతులు. తల్లిపక్షి సంచి వంటి ముక్కులోకి తల దూర్చి పక్షిపిల్లలు మేత తినడం చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియలేదు. శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సుకు అటూ ఇటూ ఫ్లెమింగోలు ఒంటికాలిపై నిలబడి ఉన్నాయి. తరువాత రోజులలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. మధ్యాహ్నం నిద్రపోయాను. చెల్లెలితో కలిసి అప్పడాలు వత్తాను. ఏ పాట విన్నా దానిలో తప్పు వెతకడం ఏడో రోజునో ఎనిమిదో రోజునో ఆగిపోయింది.

అదే 12 రోజులకు వీణను కూడా మేళానికి ఇచ్చాను. ఈసారి ఎవరి వీణా అరువు తేలేదు. తిరిగి వచ్చిన రోజున కొత్త మైనం వాసనతో అది ఇంటికి వచ్చింది. మరునాడు ఉదయం మొదటి పాఠానికి కూర్చుని తీగ నొక్కితే ఎడమచేతి చూపుడువేలు చురుక్కుమంది. ఇన్నేళ్ళుగా కాచిన కాయ మెత్తబడింది. ఎదురుగా కూర్చున్న పిల్ల కూడా ఒక్కసారి మీటి వేలు విదిలించుకుంది, అంటే తానూ ఈ రోజులన్నీ వీణ ముట్టలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాము. ఆ పూట వర్ణం జోలికి పోకుండా, కొత్తగా చేరిన పిల్లలకు మొట్టమొదట నేర్పే సరళీ వరసలు, మాయామాళవగౌళ రాగంలో, మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, వాయించాము.