గుంజ ఎక్కడ కుళ్ళుతుంది?

శ్రోతలకు నమస్కారం.

పందిరి వేసి నాలుగు వానాకాలాలు చూసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. గుంజ పైనంతా బాగానే ఉంటుంది, పోయేదల్లా మట్టికి ఆనుకున్న ఆ జానెడు మేర. తడి అక్కడే నిలుస్తుంది, అక్కడే మెత్తబడుతుంది, ఓ గాలిరోజున పందిరి ఒక పక్కకి ఒరిగాక గానీ మనకి తెలియదు. పాత మండువా ఇళ్ళలో టేకు స్తంభాల్ని మట్టిలో పాతకుండా రాతి దిమ్మమీద నిలబెట్టింది అందుకే.

ఈరోజు చర్చి గురించి చెప్తానని పందిరి గుంజ దగ్గర మొదలుపెట్టాడేంటి అనుకోకండి. నేను చెప్పబోయే చర్చికి గోడలు చెక్క, కప్పు చెక్క, కప్పుమీద పెంకుల్లా పేర్చినవి కూడా చెక్క పలకలే. అది ఎనిమిది వందల ఏళ్ళుగా మంచులో వానలో నిలబడి ఉంది. నార్వే దేశంలో లార్దాల్ లోయలో బోర్గుండ్ అనే పల్లె ఉంది, అక్కడిది. అపొస్తలుడైన అంద్రెయ పేరున కట్టారు. గోడల కలపని పరీక్ష చేసి, ఆ చెట్లని 1180-81 చలికాలంలో కొట్టారని తేల్చారు. చెట్టు మొద్దులో ఏడాదికో వలయం ఏర్పడుతుంది కదా, ఆ వలయాల లెక్కతో చెప్పారన్నమాట.

అంతకుముందు అక్కడ కట్టిన చెక్క చర్చిలు సరిగ్గా మన పందిరి లాంటివే. గొయ్యి తీసి స్తంభం పాతడం, కొన్నేళ్ళకి అది కుళ్ళడం, మళ్ళీ కట్టుకోవడం. బోర్గుండ్ వడ్రంగుల నాటికి ఉపాయం దొరికింది. ముందు రాళ్ళు పేర్చారు, రాళ్ళమీద రెండు పొడుగాటి దూలాలు పడుకోబెట్టారు, వాటిమీద అడ్డంగా ఇంకో రెండు. పిల్లలు ఇంటూ-సున్నా ఆటకి నాలుగు గీతలు గీస్తారు చూడండి, అచ్చం అలా. స్తంభాలన్నీ ఆ దూలాలమీదే నిలబడతాయి, మట్టిని తాకే కర్ర అసలు ఉండదు. ఈ స్తంభాన్నే వాళ్ళ భాషలో స్టావ్ అంటారు, ఇలా కట్టిన చర్చిని స్టావ్‌కిర్కె అంటారు.

గోడ పలకలు నిలువుగా ఉంటాయి. ఒక పలక అంచుని సన్నగా చెక్కి, పక్క పలకకి గాడి తీసి, అందులోకి జొప్పించేశారు, కాబట్టి తడికి కలప ఉబ్బినా ఎండకి ముడుచుకున్నా పలక కాస్త కదులుతుంది తప్ప పగలదు. లోపల నడుమ భాగం బాగా ఎత్తు, చుట్టూ పొడుగాటి స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఇంటూ గుర్తులా వేసిన బద్దెలు. గాలి ఎటు తోసినా ఆ బద్దెలే పట్టుకుంటాయి. అంద్రెయని కూడా ఇదే ఆకారం ఉన్న శిలువమీద చంపారని క్రైస్తవుల నమ్మకం, అందుకే ఇలాంటి బద్దెల్ని ఆయన శిలువ పేరుతోనే పిలుస్తారు.

బయటినుంచి చూస్తే చర్చి అని వెంటనే అనిపించదు. కప్పు మీద కప్పు, దాని మీద ఇంకో కప్పు, మెట్లు మెట్లుగా సన్నబడుతూ పైకి పోతుంది. కింది కప్పుల కొసల్లో శిలువలు, పై కప్పుల కొసల్లో నోరు తెరిచిన డ్రాగన్ తలలు. చర్చిమీద డ్రాగన్ ఏంటని నాకూ అనిపించింది, దిష్టిబొమ్మ పెట్టుకునే మనకి ఆ ఆలోచన మరీ కొత్తేమీ కాదులెండి. చుట్టూతా చూరు దించి వసారా లాంటిది కట్టారు, వాన నేరుగా గోడకి కొట్టదు. ఇక తారు. మన రోడ్డు తారు కాదు, పైన్ చెట్టు మొద్దుల్ని బొగ్గు బట్టీలో లాగా కప్పెట్టి నెమ్మదిగా కాల్చితే కారే నల్లటి జిగురు. అది పూసిన కలపలోకి నీళ్ళు దిగవు. ఒకసారి పూసి మర్చిపోతే కుదరదు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ పూయాలి, ఎనిమిది వందల ఏళ్ళుగా ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కుతూనే ఉన్నారు.

లోపల చీకటి. మొదట్లో కిటికీలు లేవు, పైన గోడలో చిన్న గుండ్రటి కన్నాలు మాత్రమే. జనం నిలబడే ప్రార్థన చేసేవారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పడమటి గుమ్మం దగ్గర గోడమీద ఒక రాత. చెక్కమీద కత్తితో గీకినది, వాళ్ళ పాత రూన్ లిపిలో. మనవాళ్ళు కోట గోడలమీద పేర్లు చెక్కుతారే, ఆ బాపతే. తోరిర్ అనే మనిషి, సెయింట్ ఒలావ్ పండగ ముందురోజు సాయంత్రం ఈ దారిన పోతూ ఈ అక్షరాలు చెక్కానని రాసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. నోర్న్‌లు మంచీ చేశారు, చెడూ చేశారు, నాకు మాత్రం పెద్ద కష్టమే రాసిపెట్టారు అని వాపోయాడు. నోర్న్‌లు అంటే క్రైస్తవం రాకముందు అక్కడివాళ్ళు నమ్మిన విధి దేవతలు, మన బ్రహ్మరాత లాంటి సంగతి. పండగ క్రైస్తవులది, గోడ చర్చిది, తిట్టింది మాత్రం పాత దేవతల్ని. ఏం కష్టం వచ్చిందో పాపం రాయలేదు, రాసుంటే బాగుండేది.

మధ్యయుగంలో నార్వేలో ఇలాంటి చెక్క చర్చిలు వెయ్యి దాకా ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలినవి 28. 1349లో ప్లేగు వచ్చి ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి, చర్చిలు చూసే దిక్కు లేక పోయాయి. తర్వాత దెబ్బ చట్టం నుంచి వచ్చింది. 1851 చట్టం ప్రకారం పల్లె చర్చిలో ఊరి జనంలో పదిమందికి ముగ్గురు చొప్పున పట్టాలి, ఈ చిన్న చర్చిల్లో అంతమంది ఎక్కడ పడతారు? కూల్చి పెద్దవి కట్టుకున్నారు. ఆ చట్టం రాకముందే వాంగ్ అనే ఊరి చర్చినైతే యోహాన్ క్రిస్టియన్ దాల్ అనే చిత్రకారుడి చొరవతో, అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు కొన్నాడు, విప్పి తీసుకెళ్ళి 1844 నాటికి ఇప్పటి పోలండ్ కొండల్లో నిలబెట్టారు. మంచం విప్పి ఇల్లు మారినట్టు!

బోర్గుండ్‌లోనూ 1868లో పక్కనే కొత్త చర్చి కట్టారు, పాతది అలా వదిలేశారు. 1877లో పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం దాన్ని తీసుకుంది. దాదాపు ఆ రోజుల్లోనే బాగుచేస్తూ, ప్రొటెస్టెంట్ కాలంలో చేర్చిన బెంచీలు, పెద్ద కిటికీలు, లోపలి కప్పు తీసేశారు. మధ్యయుగపు రూపం తిరిగి రావాలని అలా చేశారు, వచ్చింది కూడా. కానీ ఆ బెంచీలమీద ఎన్ని తరాల రైతులు కూర్చున్నారో కదా, అదీ చర్చి చరిత్రే, ఒకట్రెండయినా ఉంచాల్సింది అని నాకనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు మౌంట్ రష్మోర్ చూడటానికి వెళ్తుంటారు. అక్కడికి దగ్గర్లోనే రాపిడ్ సిటీలో దీని నకలు ఒకటి ఉంది, 1969లో కట్టారు, ఓ గంట కేటాయించుకోండి. అసలు బోర్గుండ్‌కే వెళ్ళే అవకాశం వస్తే, అందరూ తలెత్తి డ్రాగన్లని ఫోటో తీసుకుంటుంటారు, మీరు మాత్రం ముందు వంగి గోడ అడుగున రాయిమీద దూలం ఎలా కూర్చుందో చూడండి. తలెత్తడం తర్వాత.

నమస్కారం.