ఫోటో అడిగే మనిషి తర్వాత వస్తాడు

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు కర్నూలులో యువ ఫోటోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, కల్యాణ మండపాల్లో నాతో పాటు తెల్లవార్లూ నిలబడిన తోటి ఫోటోగ్రాఫర్లకు నమస్కారం.

1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెరోటైప్ అనే తొలినాళ్ల ఫోటో పద్ధతిని ప్రపంచం ముందు పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని చెప్పింది. ఆ తేదీ గుర్తుగానే ఈ రోజు మనం ఇక్కడ కూర్చున్నాం. చరిత్ర మాట ఇంతటితో ఆపుతాను. "ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్‌కు రోజు ఎట్లా గడుస్తుందో చెప్పన్నా, పిల్లలు ఈ పనిలోకి వస్తామంటున్నారు" అని నన్ను పిలిచారు. అదే చెప్తాను.

రెండు నెలల కిందట పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఇంకా ఆరు కాలేదు. కోడుమూరు పక్కన ఒక పల్లె నుంచి. "అన్నా, మా అవ్వ పోయింది. మా యక్క పెండ్లికి నువ్వే తీసినావు. అవ్వ ఫోటో యాదన్నా ఉందా?" అన్నాడు ఆ పిల్లోడు. ఇంట్లో ఏమీ లేదా అని అడిగాను. ఆధార్ కార్డు మీదది ఉందంట. దాన్ని పెద్దది చేయిస్తే మనిషి గుర్తుపట్టేటట్టు లేదన్నాడు.

ఆ పెళ్లి 2014లో జరిగింది. పాత హార్డ్‌డిస్క్ తీసి, ఊరి పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచాను. రెండు రోజుల పెళ్లి, 3,000 పైచిలుకు ఫోటోలు. అవ్వ కనిపించినవి ఏడు. నాలుగింటిలో ఎవరి భుజం వెనకో సగం ముఖం. ఒకదాంట్లో భోజనం చేస్తూ తల దించుకుని ఉంది. ఒకదాంట్లో కళ్లు మూసుకుంది. ఏడోది గ్రూప్ ఫోటో. పెళ్లికూతురి పక్కన నిలబడి నేరుగా కెమెరా వైపు చూస్తోంది. పెదవుల మీద చిన్న నవ్వు, చెవులకు కమ్మలు, నెత్తిన కొంగు. కానీ ఆమె ఎడమ భుజం మీద మనవరాలి చేయి ఉంది, మెహందీతో, గాజులతో. ఆ చేయి తీసేసి, వెనకున్న పూల డెకరేషన్ చెరిపేసి, భుజం మీద చీర గళ్లను ఒక్కొక్కటీ కలిపి గీసేసరికి మధ్యాహ్నం అయింది. పెద్దకర్మ నాటికి దండ వేసే ఫోటో తయారైంది.

తర్వాత ఆ పిల్లోడు ఫోటో తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, చేయి ఉన్న ఒరిజినల్ కూడా ప్రింట్ వేసి ఇచ్చాను. వాళ్లక్కకు అదే కావాలనిపిస్తుందని నాకు తోచింది.

ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పెళ్లి ఫోటోకు డబ్బు ఇచ్చేది ఆ పెళ్లివాళ్లు. ఆ ఫోటోతో నిజంగా అవసరం పడే మనిషి మాత్రం పదేళ్లకు వస్తాడు, ఒక్కోసారి ఇరవై ఏళ్లకు. అప్పుడు అది మన దగ్గర ఉండాలి. ఉందంటే ఎక్కడుందో మనకు తెలియాలి. నా లెక్కలో ఈ వృత్తిలో సగం పని అదే. తీయడం మిగతా సగం.

ఇక రోజు ఎట్లా గడుస్తుందంటే, ఏ రెండు రోజులూ ఒకటిగా ఉండవు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మంచి ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పెళ్లిళ్లు ఉండవు. మధ్యలో మూఢం వచ్చిందంటే సీజన్‌లో కూడా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. పంచాంగం రాగానే నేను మొదట చూసేది మూఢం ఎప్పుడో. ఆ ఖాళీ నెలల్లో బడి పిల్లల ఐడీ కార్డు ఫోటోలు, విత్తనాల షాపు కరపత్రాలు, హోటల్ మెనూ ఫోటోలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, ఏది వస్తే అది. ఇవి చిన్న పనులని ఎవరూ అనుకోవద్దు. నా ఇంటి అద్దె చాలా ఏళ్లు బడి పిల్లల ఫోటోలే కట్టాయి.

సొంత పెళ్లిళ్లు ఒప్పుకునేదాకా మనల్ని స్టూడియోలవాళ్లు రోజు లెక్కన పిలుస్తారు. కెమెరా మనది, లెన్సులు మనవి, ఆల్బమ్ వాళ్లది. ఫంక్షన్ అయిపోగానే ఫోటోలున్న మెమరీ కార్డు వాళ్ల చేతిలో పెట్టి బస్సెక్కుతాం. తప్పు లేదు, నేనూ అట్లాగే ఎదిగాను. కానీ ఒక మాట అడగండి: "అన్నా, ఈ ఫోటోలు ఎన్నేళ్లు ఉంచుతావు?" ఆల్బమ్ డెలివరీ అయిన నెలకే తుడిచేసేవాళ్లున్నారు. హార్డ్‌డిస్కుల ఖర్చు వాళ్లకూ ఉంటుంది, అర్థం చేసుకోగలను. అయినా అది పెళ్లివాళ్లకు ముందే చెప్పాలి.

పెళ్లిలో అసలైన పని పది సెకన్లు. జీలకర్ర-బెల్లం. మధ్యలో అడ్డుతెర. అటు చేయి ఇటు తల మీదికి, ఇటు చేయి అటు తల మీదికి. అయ్యగారి మంత్రం పెరుగుతుంది, గట్టిమేళం మొదలవుతుంది, తెర దిగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అక్షింతలు కెమెరా మీద, కళ్లలో పడుతుంటాయి. మేనమామ అడ్డం వస్తాడు, వీడియో అతని లైటు వెనక నుంచి కొడుతుంది, చుట్టూ ఇరవై ఫోన్లు లేస్తాయి. ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకు ఉంటే మీరు అప్పటికే పద్దెనిమిది గంటలుగా నిలబడి ఉంటారు. "మళ్లీ ఒకసారి పెట్టండి" అనడానికి వీల్లేని ఘడియ అది.

అందుకే ముందు రోజు సాయంత్రమే మండపం చూసుకుంటాను. అయ్యగారికి నమస్కారం పెట్టి, ఏ వైపు కూర్చోబెడతారో అడుగుతాను. మర్యాదగా అడిగితే కాదన్న పురోహితుణ్ణి నేను చూడలేదు. రెండు కార్డులు పట్టే కెమెరాలోనే పెళ్లి తీస్తాను, రెండిట్లోనూ ఒకేసారి ఎక్కేలా పెట్టి. ఒక బారసాలలో నా కార్డు పాడైంది. పిల్లకు పేరు పెట్టిన ఫోటోలన్నీ పోయాయి. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మరుసటి నెలే అప్పు చేసి రెండు కార్డుల కెమెరా కొన్నాను.

మన ఊళ్లో నిఖాలు కూడా అంతే ఎక్కువగా తీస్తాం. కొన్ని ఇళ్లలో ఆడవాళ్ల వైపు మగవాళ్లు తీయకూడదు. కొన్ని ఇళ్లలో ఆ అభ్యంతరం ఉండదు. అడిగి తెలుసుకోవాలి, ఊహించుకోకూడదు. ఇక్కడ కూర్చున్న చెల్లెళ్లకు ఒక మాట: ఆ వైపు తీయగలిగే మనిషి కోసం కర్నూలులో కుటుంబాలు వెతుక్కుంటున్నాయి. ధైర్యంగా రండి.

డబ్బుల సంగతి కూడా దాచకుండా చెప్తాను. ఒక ఫంక్షన్ ఆర్గనైజర్ మూడు రోజుల పని చేయించుకుని, ఎనిమిది నెలలు తిప్పించాడు. చివరికి "ఫోటోలు బాగా రాలేదు" అన్నాడు. అవే ఫోటోలు అతని బ్రోచర్‌లో ఉన్నాయి. అప్పుడు నా దగ్గర కాగితం లేదు, ఫోన్‌లో మాటే. ఆ రోజు నుంచి ఒక్క పేజీ అయినా రాసి సంతకం తీసుకుంటున్నాను. ఎన్ని గంటలు, ఎంత అడ్వాన్సు, బ్యాలెన్స్ ఎప్పుడు, ఆల్బమ్ ఎప్పుడు, ఫోటోలు ఎన్నేళ్లు నా దగ్గర ఉంటాయి, వాటిని నా పేజీలో పెట్టుకోవచ్చా లేదా. ఈ చివరిది చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. తీసింది నేను కదా అని పెళ్లికూతురి ముఖం తెచ్చి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే కుదరదు. చట్టం పక్కన పెట్టినా, ఆ పిల్లను అడగకుండా పెట్టడం నాకు మనసొప్పదు.

ఇప్పుడు 2009 గురించి చెప్పాలి. మీలో చాలామంది అప్పుడు చిన్నపిల్లలు. అక్టోబర్ 2, గాంధీ జయంతి. ఒక వైపు తుంగభద్ర, ఇంకో వైపు హంద్రీ, కింద శ్రీశైలం వెనక జలాలు, మూడూ కలిసి ఊళ్లోకి వచ్చాయి. పాతబస్తీ మునిగిపోయింది. నేను పని నేర్చుకున్న స్టూడియోలో ఇనుప బీరువా నిండా నెగటివ్‌లు ఉండేవి. ఒక్కో కవరు మీద నంబరు, పేరు, తేదీ. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా మా గురువు రెండు నిమిషాల్లో తీసిచ్చేవాడు. నీళ్లు దిగాక బీరువా తెరిస్తే కింది అరలన్నీ ఒకే ముద్ద. బురద, ప్లాస్టిక్, కాగితం. ఆయన ఆ ముద్దను చేతుల్లో పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.

ఆ వారం ఊరంతా మిద్దెల మీద సామాన్లు ఆరబెట్టుకుంది. చీరలు, పాసుబుక్కులు, సర్టిఫికెట్లు, వాటి పక్కనే పెళ్లి ఆల్బమ్‌లు. మా వీధిలో ఒకామె ఎండలో ఎండిన ఆల్బమ్ పేజీలు లాగింది. ఆమె భర్త ముఖం ఎదుటి పేజీకి అంటుకుని ఊడిపోయింది. ఈ పేజీలో చొక్కా, మెడలో పూలదండ మిగిలాయి. ఆయన అంతకు రెండేళ్ల ముందే చనిపోయాడు.

ఎందుకట్లా జరుగుతుందో తర్వాత తెలుసుకున్నాను. ల్యాబ్‌లో కడిగిన ఫోటో పైపొర జెలటిన్. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, జిగురవుతుంది. ఒకదాని మీద ఒకటి ఉండగా ఆరితే రెండూ అతుక్కుపోతాయి. తడిసిన ఆల్బమ్‌ను ఎండలో పెట్టడమే మేమంతా చేసిన పొరపాటు. తడిగా ఉన్నదాన్ని శుభ్రమైన చల్లని నీళ్లలోనే ఉంచి, లోపలే మెల్లగా విడదీయాలి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు. విడిపోయాక నీడలో, గుడ్డ మీద, బొమ్మ పైకి ఉండేలా పరచాలి. ఇది తెలిశాక మేము నలుగురం స్నేహితులం ప్లాస్టిక్ టబ్బులు తెచ్చుకుని కొన్ని రోజులు ఆ పనే చేశాం. దక్కినవి దక్కాయి. ఇంక్‌జెట్ ప్రింట్లకు మాత్రం ఇట్లా చేయకండి, రంగు కారిపోతుంది.

నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఈ రోజుకీ ఉన్నాయి. గాజు పలకలు నూరేళ్లు దాటి నిలబడ్డాయంటే ఎవరో జాగ్రత్త చేయబట్టే. మన బుధవారపేట పెళ్లిళ్లను అంత జాగ్రత్తగా ఎవరు దాస్తారు? మనమే దాయాలి.

నా పద్ధతి ఇది. ప్రతి ఫంక్షన్‌కూ మూడు కాపీలు. రెండు ఇంట్లో, వేర్వేరు డిస్కుల్లో. మూడోది డోన్‌లో మా చెల్లెలి ఇంట్లో. అక్కడికి తుంగభద్ర రాదు. ఫోల్డర్ పేరులో సంవత్సరం, నెల, తేదీ, ఊరు, ఇంటిపేరు. ఆరు నెలలకోసారి ప్రతి డిస్కూ తగిలించి తెరిచి చూస్తాను. మూలన పడేసిన డిస్కు మనకు చెప్పకుండానే చచ్చిపోతుంది.

ఇంకొకటి చేస్తాను. ఎవరూ అడగరు, బిల్లులో రాయను. పెళ్లి భోజనాలయ్యాక అందరూ కాస్త కునుకు తీసే గంట ఒకటి ఉంటుంది. అప్పుడు వేపచెట్టు కిందనో, వరండాలోనో ఒక స్టీలు కుర్చీ వేస్తాను. వెనక సున్నం గోడ ఉంటే చాలు. ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నడుము దాకా, కెమెరా వైపు చూస్తుండగా రెండు మూడు తీస్తాను. "నాకెందుకు నాయనా, పిల్లోళ్లవి తీసుకోపో" అంటారు. "నాకోసం ఒకటి అవ్వా" అంటాను. అప్పుడు కొంగు సర్దుకుంటారు. కొందరు తాతలు లోపలికి పోయి వేరే చొక్కా వేసుకుని వస్తారు. ఇరవై నిమిషాల పని. ఎందుకు తీస్తున్నానో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పను. 2014లో నాకు ఈ అలవాటు ఉండి ఉంటే, కోడుమూరు అవ్వ భుజం మీద చేయి చెరిపే పని ఉండేది కాదు.

మీరు ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి. పెద్ద కెమెరా అక్కర్లేదు. ముందు మీ ఇంట్లో వాళ్లవి తీయండి.

చివరగా ఒక విన్నపం. 2009లో తడిసి అతుక్కుపోయిన ఆల్బమ్‌లు ఈ ఊళ్లో ఇంకా చాలా ఇళ్లలో, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. పారేయడానికి మనసు రాక, తెరవడానికి ధైర్యం చాలక పెట్టుకున్నవి. మీ ఇంట్లో ఉంటే లాగొద్దు. ముందు ఉన్నదున్నట్టు ప్రతి పేజీకీ ఫోటో తీసి పెట్టుకోండి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే హాలు వెనక వరండాలో నేను టబ్బులు, గుడ్డలు పెట్టుకుని కూర్చుంటాను. నీళ్లు ఇక్కడే ఉన్నాయి. ఆల్బమ్‌ను గుడ్డలో చుట్టి తీసుకురండి, బోర్లా మాత్రం పెట్టకండి.