సుగ్గికి పోయే పిల్లలూ మా బడి పిల్లలే

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు ఆదోని నుంచి మాట్లాడుతున్నాం. కోసిగి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో హెచ్ఎంగా పనిచేస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, మీ ఊళ్లో టీచర్లు, తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని "మా పిల్లలు ఎట్లా ఎదగాలి" అని రాసుకున్నారట కదా. ఆ అవసరం ఎందుకొచ్చింది?

మేడమ్: చట్టమే రాయమంటోంది నాయనా. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. కానీ ప్రణాళిక అనగానే ప్రహరీ గోడ, మరుగుదొడ్లు, ఫ్యాన్లు రాసేస్తారు. అవి వద్దని నేననను. పిల్లల సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. మేం పిల్లలతోనే మొదలుపెట్టాం.

హోస్ట్: తల్లిదండ్రులు వచ్చారా మరి? పగలంతా కూలికి పోతారు కదా.

మేడమ్: అందుకే మీటింగు రాత్రి పెట్టాం, అన్నాలు తిన్నాక. "మీ పిల్లలు ఏం కావాలి" అని అడిగితే అందరూ డాక్టరు, పోలీసు అంటారు. అందుకే "బడి అయిపోయేసరికి మీ పాపకు ఏమేం రావాలి" అని అడిగాను. అప్పుడు బయటికొచ్చాయి మాటలు. బ్యాంకులో ఫారం తనే నింపాలి. మేస్త్రీ కూలి లెక్క తప్పు చెబితే పట్టుకోవాలి. ఒకామె మాత్రం, "మా పాప నలుగుర్లో నోరు తెరిచి మాట్లాడాల మేడమ్, నా మాదిరి మూలన నిలబడకూడదు" అన్నది. మా పత్రంలో మొదటి వాక్యం అదే.

హోస్ట్: పిల్లలనూ అడిగారా?

మేడమ్: అడక్కుండా ఎట్లా? తప్పు చెప్తే నవ్వొద్దన్నారు. ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలు ఉన్నారు మా దగ్గర, సరిహద్దు కదా. తెలుగులో తడబడితే తోటివాళ్లు నవ్వుతారని వాళ్లకు భయం. బిడ్డకు భయం, ఆందోళన లేకుండా చూడాలి, అనుకున్నది స్వేచ్ఛగా చెప్పనివ్వాలి అని అదే చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. చదివే ఉంటాం అందరమూ. పిల్లలే అడిగాక మాత్రం పక్కన పెట్టలేకపోయాం.

హోస్ట్: మీ ప్రాంతంలో అసలు సమస్య సుగ్గి కదా మేడమ్. వినేవాళ్లకు ఒకసారి చెప్పండి.

మేడమ్: వర్షాధారం సేద్యం మాది. పంట చేతికి రాకపోతే, వచ్చినా అప్పు తీరకపోతే, కుటుంబం మొత్తం గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పోతుంది. దాన్నే సుగ్గి అంటాం. ముసలివాళ్లు ఇంట్లో ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర వదులుతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. నెలల తరబడి హాజరు పట్టీలో ఆ పేరు ముందు గైర్హాజరే. తిరిగొచ్చిన పిల్లవాడికి పాఠం ఎక్కడుందో తెలీదు, సిగ్గుపడి మానేస్తాడు. సుగ్గి మాట లేకుండా ఇక్కడ బడి ఆశయం రాస్తే అది సగం మంది పిల్లలకు సంబంధం లేని కాగితం.

హోస్ట్: మరి ఏం రాసుకున్నారు?

మేడమ్: వాళ్లు సుగ్గికి పోకముందే మేం ఇంటింటికీ పోవాలని. అవ్వాతాతల దగ్గర ఉంచగలరా, వలసపోయేవాళ్ల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టల్లో చేర్చగలరా అని అడుగుతాం. పిల్లలు అట్లా ఇక్కడే ఉంటే చాలా మేలు. "మేము పోతే పిల్లోన్ని ఎవరు సూసుకుంటారు" అనే తల్లికి నా దగ్గర సమాధానం ఉండాలి కదా, ఊరికే పంపొద్దంటే ఎట్లా? అన్నీ చేసినా కొందరు పోతారు. వాళ్లకు ఒక నోటుపుస్తకం ఇస్తాం. పత్తి తీతకు కూలి కిలోల లెక్కన కదా. పని పిల్లలు చేయకూడదు, అది గట్టిగా చెప్తాం. అమ్మానాన్న తీసిన కిలోలు, రావాల్సిన డబ్బు మాత్రం రోజూ రాయమంటాం. తిరిగొచ్చాక ఆ పుస్తకంతోనే లెక్కల క్లాసు మొదలవుతుంది. సరాసరి, శాతాలు అన్నీ అందులోంచే. ఊళ్లో ఉండిపోయిన పిల్లలు ఆ రోజు వీళ్లను అడిగి నేర్చుకుంటారు. నాకు ఆ క్లాసంటే ప్రాణం.

హోస్ట్: ఒకటి అడగాలి. చివరికి అందరూ చూసేది పదో తరగతి ఫలితాలే కదా?

మేడమ్: చూడనీ. పదో తరగతి పాసవడం మా పిల్లలకు చిన్న విషయం కాదు, ఆడపిల్లకైతే పెళ్లి వాయిదా పడేది దాంతోనే. మార్కుల్ని నేను తేలిగ్గా తీసుకోను. కాకపోతే పక్కనే ఇంకో పేజీ పెట్టాం. ఈ పాప ఈ నెల క్లాసులో ప్రశ్న అడిగిందా, ఇంట్లో ఎవరికైనా ఏదైనా చదివి వినిపించిందా అని టీచరు రాస్తారు. దానికి మార్కులు లేవు. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ముందు ఆ పేజీ చదువుతాం. చదువురాని తల్లికి 63 మార్కులంటే ఎక్కువో తక్కువో అర్థం కాకపోవచ్చు. "నీ కూతురు లేచి అడిగింది" అంటే అర్థమవుతుంది.

హోస్ట్: టీచర్లకు ఇది అదనపు భారం కాదా?

మేడమ్: భారమే. యాప్‌లలో నింపేవే బోలెడు ఉన్నాయి. అందుకే నెలకు ఒక్క వాక్యం చాలన్నాం.

హోస్ట్: ఈ ఏడాది ఏం చేయబోతున్నారు?

మేడమ్: పాత పత్రం మళ్లీ చదివి, పనికిరానివి కొట్టేస్తాం. పోయినసారి మగవాళ్లే ఎక్కువ మాట్లాడారు, ఈసారి ముందు ఆడవాళ్లతో విడిగా కూర్చుంటాం. దసరా లోపే అయిపోవాలి, తర్వాత ఊళ్లో ఎవరూ దొరకరు. మీరూ రండి నాయనా, మైకు తెచ్చుకోండి, వాళ్లతోనే మాట్లాడించండి.

హోస్ట్: తప్పకుండా వస్తాను మేడమ్.